డూపు ఎక్కడ పెట్టాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన వెబ్ ప్రాజెక్టుల్లో కంట్రోలర్లకి రాస్తున్న టెస్టుల్లో చాలావరకు దేన్నీ పరీక్షించడం లేదు. మాకులు, స్టబ్బులు పేర్చి ఒక ఉత్తుత్తి ప్రపంచం కట్టుకుంటున్నాం. అందులో మన కోడ్‌ని నడిపించి, మనం అనుకున్న జవాబే వచ్చిందని టిక్కు పెట్టుకుంటున్నాం. ప్రశ్న మనదే, జవాబూ మనదే, పేపర్ దిద్దేదీ మనమే. ఫెయిలయ్యే ఛాన్స్ ఎక్కడుంది?

ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్ గుర్తు చేసుకోండి. జవాబు 9.8 రావాలని అందరికీ తెలుసు. అందుకని కొందరు లోలకం ఊపకుండానే, 9.8 వచ్చేలా రీడింగులు వెనక నుంచి లెక్కగట్టి రికార్డులో రాస్తారు. గ్రాఫు చక్కగా గీత గీసినట్టు వస్తుంది, ఎర్రర్ పర్సెంటేజ్ దాదాపు సున్నా. ఆ రికార్డు చూసి భూమ్యాకర్షణ గురించి ఒక్క ముక్కైనా తెలుస్తుందా? అన్నీ మాక్ చేసిన కంట్రోలర్ టెస్ట్ కూడా అలాంటి రికార్డే.

సాహిత్య క్లబ్ పత్రికలో ఈ గోలేంటి అనుకోకండి. మనలో ఎక్కువమంది పగలు చేసే పని ఇదే. ఆ పని గురించి మన భాషలో మాట్లాడుకోకపోతే ఇంక దేని గురించి మాట్లాడుకుంటాం?

ముందు మాటలు సరిచూసుకుందాం. లైబ్రరీ యాప్ ఒకటి ఉందనుకోండి. అందులో పుస్తకం రెన్యూ చేసే బటన్ ఉంది. అది నొక్కితే రిక్వెస్ట్ కంట్రోలర్‌కి చేరుతుంది. కంట్రోలర్ సొంతంగా చేసే పని తక్కువ. ఇతను లాగిన్ అయ్యాడా అని చూస్తుంది. ఫారమ్‌లో వచ్చిన వివరాలు తీసుకుంటుంది. ఈ పుస్తకం రెన్యూ చేయొచ్చా అని మోడల్‌ని అడుగుతుంది. అవునంటే కొత్త గడువు రాయించి, ఎస్సెమ్మెస్ పంపమని చెప్పి, స్క్రీన్ మీద చూపించాల్సింది తిరిగి పంపుతుంది. అంటే పెళ్లిలో మధ్యవర్తి లాంటిది. పెళ్లి దానిది కాదు, కానీ అటు మాట ఇటు సరిగ్గా చేరకపోతే పెళ్లి ఆగిపోతుంది.

ఈ కంట్రోలర్‌ని టెస్ట్ చేయాలంటే మోడల్ కావాలి, మోడల్‌కి డేటాబేస్ కావాలి, ఎస్సెమ్మెస్‌కి ఇంకో కంపెనీ సర్వర్ కావాలి. ఇవన్నీ లేకుండా వాటి స్థానంలో నకిలీలు నిలబెడతాం. ఆ నకిలీలన్నిటికీ కలిపి టెస్ట్ డబుల్ అని పేరు పెట్టింది గెరార్డ్ మెస్జారోస్. 2007లో వచ్చిన ఆయన పుస్తకంతో ఆ మాట స్థిరపడింది. సినిమాల్లో ఫైట్లు చేసే స్టంట్ డబుల్ నుంచి తీసుకున్న మాట అది. మనకి ఇంతకంటే దగ్గరి మాట ఎప్పటినుంచో ఉంది: డూపు.

డూపుల్లో రకాలున్నాయి. ఇంగ్లిష్‌లో స్టబ్ అంటే చెట్టు కొట్టేశాక మిగిలే మొద్దు. ఈ స్టబ్ కూడా మొద్దే. ఏం అడిగినా ముందే నేర్పిన ఒక్క జవాబు చెబుతుంది. రెన్యూ చేయొచ్చా అంటే "చేయొచ్చు" అంటుంది, పుస్తకం ఏదైనా, అడిగింది ఎవరైనా. మాక్ దానికంటే చురుకు. దానికి ముందే ఒక లిస్ట్ ఇస్తాం: నిన్ను ఫలానా మెథడ్‌తో, ఫలానా విలువలతో, ఒక్కసారే పిలవాలి. అలా పిలవకపోతే అది టెస్ట్‌ని ఫెయిల్ చేస్తుంది. స్టబ్ జవాబిస్తుంది, మాక్ నిఘా పెడుతుంది. మార్టిన్ ఫౌలర్ ఈ తేడా మీదే ఒక పెద్ద వ్యాసం రాశాడు. మనవాళ్లు చాలామంది రెండిటినీ మాక్ అనే పిలుస్తారు. పిలుపుతో నాకు పేచీ లేదు, వాడే చోటుతోనే ఉంది.

మాకుల ఆలోచన పనికిమాలిందని నేననడం లేదు. 2000లో టిమ్ మెకినన్, స్టీవ్ ఫ్రీమన్, ఫిలిప్ క్రెయిగ్ కలిసి మాక్ ఆబ్జెక్టుల మీద పేపర్ రాశారు. తర్వాత 2009లో ఫ్రీమన్, నాట్ ప్రైస్ కలిసి దీని మీద ఏకంగా పుస్తకమే రాశారు. వాళ్ల దృష్టిలో మాక్ ఒక డిజైన్ పనిముట్టు. ఒక ఆబ్జెక్ట్ పక్కదానితో ఏం మాట్లాడాలో, ఆ పక్కది ఇంకా పుట్టకముందే రాసి చూసుకోవడం. వాళ్లు షరతు కూడా పెట్టారు: మీ సొంత ఇంటర్‌ఫేసుల్నే మాక్ చేయండి, పరాయి లైబ్రరీల్ని కాదు. మనం మాత్రం పనిముట్టు తీసుకుని షరతు వదిలేశాం. డిజైన్ కోసం కాకుండా, కోడ్ మొత్తం రాసేశాక, రివ్యూ ముందు రోజు రాత్రి కవరేజ్ పెంచడానికి మాకులు రాస్తున్నాం.

ఇక దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడండి. మా బ్యాచ్‌లోనే ఒక టీమ్ రివ్యూలో జరిగింది. ఎక్స్‌ప్రెస్‌లో రాసిన లైబ్రరీ యాప్, టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి. సార్ బ్రౌజర్ తెరిచి ఒక పుస్తకం ఏడు రోజులు రెన్యూ చేశారు. గడువు దాదాపు అయిదు నెలల తర్వాతి తేదీకి వెళ్లిపోయింది. కారణం చిన్నదే. మామూలు గడువు 14 రోజులు. కంట్రోలర్ దానికి ఫారమ్‌లో వచ్చిన రోజుల్ని కలుపుతుంది. టెస్టులో నకిలీ రిక్వెస్ట్ తయారుచేసి అందులో 7 అనే అంకె పెట్టారు, 14కి 7 కలిపితే 21, మాక్‌ని 21తో పిలిచారు, పాస్. కానీ నిజం ఫారమ్ నుంచి వచ్చేవన్నీ అక్షరాలే. జావాస్క్రిప్ట్‌లో 14 అనే అంకెకి "7" అనే అక్షరాన్ని కలిపితే 21 రాదు, "147" వస్తుంది. తర్వాత దాన్ని మిల్లీసెకన్లతో గుణించేటప్పుడు జావాస్క్రిప్టే మళ్లీ అంకెగా మార్చేసుకుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, పుస్తకం మాత్రం 147 రోజులు.

తప్పు ఆ కూడికలో ఉంది, నిజమే. కానీ కూడికలో తప్పు పట్టుకోవడానికే కదా టెస్ట్ ఉంది! టెస్ట్ రాసినవాళ్లకి రిక్వెస్ట్ ఎలా ఉంటుందో ఒక ఊహ ఉంది, కంట్రోలర్ రాసినప్పుడూ అదే ఊహ ఉంది. ఒకే ఊహని రెండుచోట్ల రాస్తే రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని వాదించేవాడికి, మూడు కాళ్ల కుందేలు బొమ్మ కూడా చేసిచ్చినట్టు.

ఇంకోటి దీనికంటే ప్రమాదం. మోడల్ డేటాబేస్‌ని అడగాలి కాబట్టి "రెన్యూ చేయొచ్చా" అనే మెథడ్ వెంటనే అవునో కాదో చెప్పదు, ప్రామిస్ ఇస్తుంది. కంట్రోలర్‌లో దాని ముందు అవెయిట్ అని రాయాలి. రాయడం మర్చిపోతే? ప్రామిస్ అనేది ఒక ఆబ్జెక్ట్, ఇఫ్‌లో పెడితే ఎప్పుడూ నిజమే అవుతుంది. అంటే లోపలి జవాబు "కాదు" అయినా రెన్యూ అయిపోతుంది. వేరే స్టూడెంట్ రిజర్వ్ చేసుకున్న పుస్తకం కూడా. ఇప్పుడు జెస్ట్‌లో ఆ మెథడ్‌ని స్టబ్ చేసి, నేరుగా ఫాల్స్ ఇచ్చేలా పెట్టారనుకోండి. స్టబ్ ప్రామిస్ ఇవ్వదు, ఉత్త ఫాల్స్ ఇస్తుంది. కంట్రోలర్ బుద్ధిగా "కుదరదు" అంటుంది. "రిజర్వ్ అయిన పుస్తకం రెన్యూ కాకూడదు" అనే టెస్ట్ పాస్. అసలు యాప్‌లో ఆ నియమం లేనే లేదు. నియమం ఉందని టెస్ట్ సర్టిఫికెట్ ఇచ్చింది, అంతే తేడా. టెస్టే లేకపోతే కనీసం అనుమానం మిగిలేది. ఈ టెస్ట్ ఆ అనుమానాన్ని కూడా తీసేసింది.

పైథాన్ వాళ్లు నవ్వుకోకండి, మీకూ ఉంది. పైథాన్‌లో మాక్ ఆబ్జెక్ట్ ఏ పేరుతో పిలిచినా పలుకుతుంది. లేని మెథడ్‌ని పిలిచినా "ఓ, ఉంది" అంటుంది. దీనివల్ల ఒకప్పుడు విచిత్రం జరిగేది. "ఒక్కసారే పిలిచారా" అని సరిచూసే అసర్ట్ మెథడ్ పేరులో ఒక అక్షరం తప్పు రాస్తే, మాక్ దాన్నీ తనకున్న మెథడే అనుకుని పలికేది, టెస్ట్ హాయిగా పాస్ అయ్యేది. చివరికి పైథాన్ 3.5లో, అసర్ట్ అనే మాటతోనూ, దాన్ని తారుమారు చేసి రాసే ఒక తప్పు స్పెల్లింగ్‌తోనూ మొదలయ్యే తెలియని పేర్లు పిలిస్తే ఎర్రర్ ఇచ్చేలా మార్చారు. తర్వాత వెర్షన్లలో ఇంకొన్ని తప్పు స్పెల్లింగులు కూడా ఆ జాబితాలో చేర్చారు. భాష తయారుచేసేవాళ్లే మనుషులు చేసే అచ్చుతప్పుల్ని ఏరి లిస్ట్ రాసుకోవాల్సి వచ్చిందంటే, ఈ డూపు ఎంత మొహమాటస్థుడో అర్థం చేసుకోండి. ఎవరేం అడిగినా కాదనడు.

ఇక కంట్రోలర్ ఫంక్షన్‌ని నేరుగా పిలిచే టెస్టుల్లో రూటింగ్ ఉండదు, లాగిన్ చూసే మిడిల్‌వేర్ ఉండదు, చివర్న పేజీ తయారుచేసే టెంప్లేట్ ఉండదు. లాగిన్ చెక్‌ని ఆ రూట్‌కి తగిలించడం మర్చిపోతే ఎవరైనా ఎవరి పుస్తకమైనా రెన్యూ చేయొచ్చు. ఆ టెస్ట్‌కి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. కంట్రోలర్ పనే మధ్యవర్తిత్వం అన్నాం కదా. రెండువైపులవాళ్లనీ తీసేసి మధ్యవర్తిని ఒంటరిగా గదిలో కూర్చోబెట్టి "నువ్వు బాగా మాట్లాడుతున్నావా" అని అడిగితే ఏం తెలుస్తుంది?

దీనికి రెండో వైపు కూడా ఉంది. తప్పు ఉన్నా పాస్ అయ్యే టెస్టులే, తప్పు లేకపోయినా ఫెయిల్ అవుతాయి. మోడల్‌లో రెండు మెథడ్లని కలిపి ఒకటి చేశారనుకోండి. యూజర్‌కి తేడా ఏమీ లేదు, పుస్తకం సరిగ్గానే రెన్యూ అవుతోంది. కానీ మాక్ పాత మెథడ్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, ఇరవై టెస్టులు ఎర్రగా మారతాయి. దాంతో కోడ్‌ని శుభ్రం చేయాలంటేనే భయం పట్టుకుంటుంది. ధైర్యం ఇవ్వాల్సిన టెస్టులు భయం ఇస్తున్నాయి.

ఈ గొడవ మనకే కొత్త కాదు. 2014లో రైల్స్ సృష్టికర్త డేవిడ్ హైన్‌మైయర్ హాన్సన్, టెస్టుల కోసం డిజైన్‌ని పాడుచేసుకుంటున్నామని బాహాటంగా రాశాడు. దాని మీద ఆయన, కెంట్ బెక్, మార్టిన్ ఫౌలర్ కలిసి కొన్ని వారాలు వీడియోల్లో చర్చించుకున్నారు. టెస్టులు ముందు రాయాలనే పద్ధతిని ప్రచారం చేసిన కెంట్ బెక్ కూడా, తాను మాకులు దాదాపు వాడనని అక్కడే చెప్పాడు. 2016లో వచ్చిన రైల్స్ 5, కంట్రోలర్ లోపలి వేరియబుల్స్‌లోకి తొంగిచూసే సౌకర్యాన్ని అసలు ప్యాకేజీ నుంచి తీసి వేరే జెమ్‌లో పెట్టేసింది. కంట్రోలర్ టెస్టులు కూడా అసలు రిక్వెస్ట్ దారిలోనే వెళ్లేలా మార్చింది. అదే ఏడాది ఆర్‌స్పెక్ 3.5 కూడా కంట్రోలర్ స్పెక్స్ బదులు రిక్వెస్ట్ స్పెక్స్ రాయమని సలహా ఇచ్చింది. పదేళ్ల కిందట వాళ్లు దిగిపోయిన బస్సుని మనం ఇప్పుడు పరిగెత్తి ఎక్కుతున్నాం.

మరి ఏం చేయాలి? సినిమావాళ్లని అడిగితే చెబుతారు. నాలుగో అంతస్తు నుంచి దూకే షాట్‌కి డూపు కావాలి. అమ్మతో కూర్చుని డైలాగ్ చెప్పే సీన్‌కి హీరోనే కావాలి. క్లోజప్‌లో డూపుని పెట్టి సినిమా మొత్తం తీస్తే అది ఆ హీరో సినిమానే కాదు. కంట్రోలర్‌కి మన మోడల్‌తో ఉండేది డైలాగ్ సీన్. అక్కడ డూపు వద్దు.

రిక్వెస్ట్‌ని ముందు గుమ్మంలోంచే పంపండి. ఎక్స్‌ప్రెస్‌కి సూపర్‌టెస్ట్ ఉంది, అది నిజం హెచ్‌టీటీపీ రిక్వెస్టే పంపుతుంది. ఫారమ్ లాగానే పంపిస్తే ఆ "147" మొదటి రోజే దొరికేది. జాంగోకి టెస్ట్ క్లయింట్ దానితోనే వస్తుంది. స్ప్రింగ్‌లో మాక్ ఎమ్‌వీసీకి పేరులో మాక్ ఉన్నా, అది రూటింగ్, విలువల మార్పిడి అన్నీ నిజంగానే చేస్తుంది, సర్వర్ ఒక్కటే ఉండదు. జవాబుగా వచ్చిన పేజీ, స్టేటస్ కోడ్ చూడండి, తర్వాత డేటాబేస్‌లో గడువు మారిందా చూడండి. ఏ మెథడ్‌ని ఎన్నిసార్లు పిలిచిందో మీకెందుకు?

డేటాబేస్ పెడితే టెస్టులు నెమ్మదిస్తాయి కదా అంటారు. మాకులతో పోలిస్తే నెమ్మదే, కాదనను. కానీ జాంగో టెస్ట్‌కేస్ ప్రతి టెస్ట్‌నీ ఒక ట్రాన్సాక్షన్‌లో నడిపి, అయిపోగానే వెనక్కి తిప్పేస్తుంది. ప్రతిసారీ టేబుళ్లు తుడిచి మళ్లీ కట్టే పని ఉండదు. మన మినీ ప్రాజెక్టుల సైజుకి ఇది పెద్ద ఆలస్యమే కాదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. అసలు యాప్ పోస్ట్‌గ్రెస్ మీద నడుస్తుంటే టెస్టులు కూడా పోస్ట్‌గ్రెస్ మీదే నడపండి. పది అక్షరాలే పట్టే కాలమ్‌లో యాభై అక్షరాలు పెడితే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు, ఎస్‌క్యూలైట్ నోరు మూసుకుని పెట్టుకుంటుంది. తెలియకుండా అదీ ఒక డూపే.

డూపు కావాల్సిన చోట్లు నాలుగే అనుకుంటాను: డబ్బు, ఎస్సెమ్మెస్, మెయిల్, గడియారం. టెస్ట్ నడిపినప్పుడల్లా నిజం ఫోన్లకి మెసేజ్‌లు వెళ్లకూడదు, నిజం ఖాతాలోంచి డబ్బు పోకూడదు. "గడువు నిన్నటితో అయిపోయింది" అని పరీక్షించడానికి రేపటిదాకా ఆగలేం. పేమెంట్ గేట్‌వే మధ్యలో జవాబివ్వకపోతే ఏమవుతుందో చూడాలంటే, అది నిజంగా ఆగిపోయే రోజు కోసం ఎదురుచూడలేం. అక్కడ స్టబ్ బంగారం. అసలు మనుషులకి తెలియకుండా జరిగే ఘోరాలన్నీ ఆ దారిలోనే ఉంటాయి: డబ్బు కట్ అయ్యింది, జవాబు రాలేదు, సీటు బుక్ కాలేదు. పరీక్ష ఫీజు ఆఖరి రోజు రాత్రి పదకొండున్నరకి ఆ స్క్రీన్ ముందు కూర్చున్నవాళ్లని అడగండి, అదెంత నరకమో చెబుతారు. మనం స్టబ్ రాయాల్సిన చోటు అది. మన టెస్టుల్లో ఎప్పుడూ లేనిదీ అదే.

ఆ నాలుగు చోట్ల కూడా కొంచెం పద్ధతి కావాలి. గేట్‌వే వాళ్ల లైబ్రరీని నేరుగా మాక్ చేయకుండా, దాని చుట్టూ మన సొంత చిన్న క్లాస్ ఒకటి కట్టి, దాన్ని మాక్ చేయండి. ఆ చిన్న క్లాస్‌ని గేట్‌వే ఇచ్చే టెస్ట్ మోడ్‌లో విడిగా నడిపి చూడండి. మాక్ చేసేటప్పుడు అసలు క్లాస్‌తో సరిపోల్చే రకాన్ని వాడండి. పైథాన్‌లో ఆటోస్పెక్ ఉంది, ఆర్‌స్పెక్‌లో ఇన్‌స్టన్స్ డబుల్ ఉంది. లేని మెథడ్‌ని పిలిస్తే ఇవి ఒప్పుకోవు.

ఇక అసలు రోగం గురించి. మనం ఇలాంటి టెస్టులు తెలివితక్కువతో రాయడం లేదు, మార్కుల కోసం రాస్తున్నాం. రివ్యూలో అడిగేది కవరేజ్ ఎంత అని. కవరేజ్ అంటే ఆ లైన్ నడిచిందని మాత్రమే, సరిగ్గా నడిచిందని కాదు. అన్నిటినీ మాక్ చేస్తే ప్రతి లైనూ సునాయాసంగా నడుస్తుంది, శాతం చకచకా పెరుగుతుంది. అడిగే ప్రశ్న అదైతే వచ్చే జవాబూ ఇదే. అందుకని మన గైడ్లకి, ల్యాబ్ అసిస్టెంట్ అన్నలకి, అక్కలకి ఒక విన్నపం: శాతం అడగొద్దు. కోడ్‌లో మీకు నచ్చిన ఒక లైన్ చెడగొట్టండి. ఒక అవెయిట్ తీసేయండి, ఒక లాగిన్ చెక్ కొట్టేయండి, కూడికని తీసివేత చేయండి. తర్వాత టెస్టులు నడపమనండి. ఒక్కటీ ఎర్రగా మారకపోతే ఆ పచ్చదనానికి మార్కులు ఇవ్వొద్దు.

అన్నలూ అక్కలూ అడిగేదాకా ఎందుకు, ఈ పరీక్ష ఈ రాత్రికే మన ప్రాజెక్టుల మీద మనమే పెట్టుకోవచ్చు. అయిదు నిమిషాల పని. చెడగొట్టిన లైన్‌ని మళ్లీ బాగుచేసి పడుకోండి. ఏ టెస్టులు పలికాయో, ఏవి మాట్లాడకుండా కూర్చున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. మాట్లాడని వాటిలో డూపు ఎక్కడ కూర్చుందో వెతికితే, తర్వాత ఏం చేయాలో మీకే తెలుస్తుంది.